ఈ వారం ఎన్ని పేజీలు? థీసిస్ రాసేవాళ్లు ఒకరికొకరు లెక్క ఎందుకు చెప్పుకుంటారు

దక్షిణ దిల్లీలోని బేర్ సరాయ్ సందుల్లో మూడు రకాల దుకాణాలు ఎక్కువగా కనిపిస్తాయి: పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మేవి, జిరాక్స్ తీసేవి, బైండింగ్ చేసేవి. పుస్తకాల దుకాణంలో అడుగుపెట్టేది చదువు మొదలుపెట్టేవాళ్లు. బైండింగ్ దుకాణం మెట్లెక్కేది చదువు ముగించేవాళ్లు. పీహెచ్‌డీ థీసిస్‌కు గట్టి అట్ట వేయించుకుని, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో పేరు అచ్చు వేయించుకోవడం ఏ పరిశోధక విద్యార్థికైనా మరచిపోలేని రోజు.

ఈ రెండు దుకాణాల మధ్య దూరం పదడుగులే ఉండొచ్చు. దాన్ని దాటడానికి మాత్రం ఐదేళ్లు, ఆరేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. కొందరు అసలు దాటలేరు. తెలివి తక్కువై కాదు, చదవక కాదు. చదివినదంతా కాగితం మీద పెట్టలేక.

అందుకే ఇప్పుడు చాలామంది పరిశోధక విద్యార్థులు చిన్న చిన్న రైటింగ్ గ్రూపులు పెట్టుకుంటున్నారు. నలుగురైదుగురు కలిసి, ప్రతి వారం ఎన్ని పేజీలు రాశారో, ఏ జర్నల్‌కు ఏ పేపర్ పంపారో, ఏది తిరిగొచ్చిందో ఒకరికొకరు చెప్పుకుంటారు. పైకి ఇది చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది. కానీ దీని వెనక ఫెలోషిప్ డబ్బు, యూనివర్సిటీ గడువులు, ప్రచురణ పేరుతో సాగే మోసాలు, మనసు మీద పడే భారం ఇవన్నీ ఉన్నాయి.

బేర్ సరాయ్‌లో ఎవరుంటారు?

సరాయ్ అంటే బాటసారులు దిగే సత్రం. హిందీలో బేర్ అంటే రేగు. పక్కనే కట్వారియా సరాయ్, జియా సరాయ్ కూడా ఉన్నాయి. పాత ఊళ్లు నగరంలో కలిసిపోయినా ఆ పేర్లు మిగిలాయి, సత్రం పని కూడా మిగిలింది. నేటి బాటసారులు విద్యార్థులు.

ఒకప్పుడు జేఎన్‌యూ నడిచిన పాత క్యాంపస్ బేర్ సరాయ్‌కి ఎదురుగానే ఉంటుంది. ఇప్పటి జేఎన్‌యూ క్యాంపస్, ఐఐటీ దిల్లీ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ దిల్లీ కేంద్రం, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ అన్నీ దగ్గర్లోనే. హాస్టల్ దొరకనివాళ్లు, హాస్టల్ గడువు అయిపోయినవాళ్లు ఈ ఊళ్లలో ఇరుకు గదులు అద్దెకు తీసుకుంటారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో దిగి వచ్చిన తెలుగు విద్యార్థులూ వీళ్లలో ఉంటారు.

ఇక్కడ రెండు రకాల రాత సాగుతుంది. ఒకటి సివిల్స్ మెయిన్స్ రాత. జనరల్ స్టడీస్ పేపర్‌లో మూడు గంటల్లో 20 ప్రశ్నలకు జవాబు రాయాలి. అంటే ఒక్కో ప్రశ్నకు తొమ్మిది నిమిషాలు. దీనికోసం అభ్యర్థులు రోజూ జవాబులు రాసి, ఒకరి కాగితాలు ఒకరు దిద్దుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. 

రెండోది పరిశోధన రాత. దానికి తొమ్మిది నిమిషాల గడియారం లేదు, రేపు పరీక్ష అనే భయం లేదు. ఈరోజు రాయకపోయినా ఎవరూ అడగరు. ఇబ్బంది అంతా అక్కడే మొదలవుతుంది.

గడువు ఆరేళ్లు, ఫెలోషిప్ ఐదేళ్లు

దేశంలో పీహెచ్‌డీ చేసేవాళ్ల సంఖ్య వేగంగా పెరిగింది. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్య సర్వే ప్రకారం 2014-15లో 1.17 లక్షల మంది పీహెచ్‌డీలో ఉంటే, 2021-22 నాటికి ఆ సంఖ్య 2.12 లక్షలు దాటింది. ఏడేళ్లలో 81 శాతం పెరుగుదల.

యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆ తర్వాత మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే మరో రెండేళ్లు దొరకొచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది.

ఇక డబ్బు. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు, సీనియర్ ఫెలో అయ్యాక 42 వేలు వస్తున్నాయి. ఇది మొత్తం ఐదేళ్లే. జేఆర్ఎఫ్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరినవాళ్లకు ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ పీహెచ్‌డీకి నెలకు 8 వేలు. 2015 అక్టోబరులో దాన్ని ఆపేయాలన్న నిర్ణయం మీదనే దిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించారు. 

ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. మొదటి రెండు మూడేళ్లు కోర్స్‌వర్క్, అంశం ఖరారు, సమాచార సేకరణతో గడిచిపోతాయి. అసలు రాత ఊపందుకోవాల్సింది నాలుగు, ఐదు సంవత్సరాల్లో. అది ఆరో ఏటికి జారిందంటే చేతిలో ఫెలోషిప్ ఉండదు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాలి, లేదా గెస్ట్ లెక్చరర్‌గానో, కోచింగ్ సెంటర్‌లోనో చేరాలి. ఉద్యోగంలో చేరితే రాత ఇంకా వెనకబడుతుంది. రాత వెనకబడితే పట్టా రాదు, పట్టా లేకపోతే సరైన ఉద్యోగం రాదు. 

రాత ఎందుకు ఆగిపోతుంది?

ఊళ్లో అందరికంటే బాగా చదివి, ఇంత దూరం వచ్చినవాళ్లకు రాయడం ఎందుకు కష్టమవుతుంది? బద్ధకం అనేది తేలికైన జవాబు, కానీ సరైనది కాదు. కారణాలు ఇంకా ఉన్నాయి.

మొదటిది, అడిగేవాళ్లు లేకపోవడం. నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థి ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి రీసెర్చ్ అడ్వయిజరీ కమిటీ ముందు పని వివరించాలి. అంటే ఏడాదికి రెండుసార్లు. ఈ రెండు సమావేశాల మధ్య ఆరు నెలల్లో గైడ్‌ను ఎన్నిసార్లు కలవాలన్నది ఆ ఇద్దరి మీదే ఆధారపడి ఉంటుంది. రాయనివాళ్లు గైడ్ ముందుకు వెళ్లడానికి మొహమాటపడతారు. వెళ్లకపోతే రాత ఇంకా ఆగిపోతుంది.

రెండోది, భాష. ఇంటర్ వరకు, కొందరు డిగ్రీ వరకు తెలుగు మీడియంలో చదివినవాళ్లు సామాజిక శాస్త్రాల థీసిస్‌ను ఇంగ్లిష్‌లో రాయాలి. ఆలోచన తెలుగులో నడుస్తుంది, వాక్యం ఇంగ్లిష్‌లో పడాలి. ఒక్కో పేరాకు రెండింతల సమయం పడుతుంది. పక్క గదిలోని కాన్వెంట్ విద్యార్థి అదే పేరాను గంటలో రాస్తుంటే, లోపం తనలోనే ఉందనిపిస్తుంది.

మూడోది, ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేకపోవడం. కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి పీహెచ్‌డీ చేస్తుంటే, ఊరి నుంచి ఫోన్‌లో వచ్చే ప్రశ్న ఒకటే: "ఇంకా ఎన్నాళ్లు?" మూడో చాప్టర్ రెండోసారి తిరగరాయాల్సి వచ్చిందని చెబితే అవతలివాళ్లకు అర్థం కాదు. అది వాళ్ల తప్పు కాదు, వీళ్ల తప్పూ కాదు.

ఈ ఒంటరితనం ఒక్క దేశానికి పరిమితం కాదు. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థులపై జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. వారిలో దాదాపు 32 శాతం మందికి మానసిక సమస్యలు వచ్చే ప్రమాదం ఉందని తేలింది. ఉన్నత విద్య చదివిన ఇతరులతో పోలిస్తే ఇది బాగా ఎక్కువ.

రైటింగ్ గ్రూప్‌లో ఏం చేస్తారు?

ఈ గ్రూపులకు ఆఫీసు ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు. నలుగురి నుంచి ఆరుగురి వరకు సభ్యులు, ఒక వాట్సాప్ గ్రూపు, వారంలో ఒకరోజు కలుసుకునే చోటు ఉంటే చాలు. కలిసేది లైబ్రరీ కావచ్చు, ధాబా కావచ్చు, ఎవరి గదైనా కావచ్చు. ఊళ్లు వేరైతే వీడియో కాల్.

పద్ధతులు రకరకాలుగా ఉన్నా, బాగా నడిచే గ్రూపుల్లో కొన్ని సంగతులు ఒకేలా ఉంటాయి.

వారం మొదట్లో ప్రతి ఒక్కరూ ఒక చిన్న లక్ష్యం చెబుతారు. "థీసిస్ పూర్తి చేస్తాను" అని కాదు, "రెండో చాప్టర్‌లో ఇనాం భూముల భాగం నాలుగు పేజీలు రాస్తాను" అని. వారం చివర ఎంత అయిందో చెబుతారు. కాకపోతే కాలేదని చెబుతారు. ఎందుకు కాలేదన్న విచారణ ఉండదు.

కొందరు కలిసి కూర్చుని నిశ్శబ్దంగా రాస్తారు. 25 నిమిషాలు రాత, ఐదు నిమిషాలు విరామం. 1980ల చివర్లో ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారంలోని వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అందుకే దానికి ఇటాలియన్‌లో టమాటా అనే అర్థం వచ్చే పొమొడోరో అన్న పేరు వచ్చింది.

నెలకోసారి ఒకరి డ్రాఫ్ట్‌ను మిగతావాళ్లు చదువుతారు. ఇక్కడ ఒక చిన్న నియమం పనికొస్తుంది: చదివినవాళ్లు ముందు తమకు ఏం అర్థమైందో చెప్పాలి, ఆ తర్వాతే ఏం బాగాలేదో చెప్పాలి. రాసినవాళ్లు చెప్పాలనుకున్నదీ చదివినవాళ్లకు అర్థమైనదీ వేరైతే, ఎక్కడ సరిచేయాలో వెంటనే తెలిసిపోతుంది. చరిత్ర విద్యార్థి రాసింది ఆర్థికశాస్త్రం విద్యార్థి చదివితే ఇంకా మంచిది. తమ శాఖలో అందరికీ తెలుసనుకుని వదిలేసిన మాటలు అప్పుడే బయటపడతాయి.

ఇక ప్రచురణ లెక్క. ఏ పేపర్ ఏ జర్నల్‌కు ఎప్పుడు పంపారు, సమీక్ష ఎన్ని నెలలు పట్టింది, సమీక్షకులు ఏమన్నారు, తిరస్కరిస్తే తర్వాత ఎక్కడికి పంపాలి, ఇవన్నీ ఒక పట్టికలో రాసుకుంటారు. ఆ పట్టికలో తిరస్కరణలే ఎక్కువగా ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చేది అదే. మంచి జర్నల్‌లో పేపర్ వేసిన సీనియర్‌కు అంతకుముందు మూడు చోట్ల నుంచి అది తిరిగొచ్చిందని తెలిస్తే, తన పేపర్ ఒక్కసారి తిరిగొచ్చినందుకు తల వంచుకోవాల్సిన పని లేదని అర్థమవుతుంది.

నిజంగా పనిచేస్తుందా?

ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వచ్చేది అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ బాయిస్ 1980ల్లో చేసిన పని. యూనివర్సిటీ అధ్యాపకుల రాత అలవాట్లను ఆయన ఏళ్ల తరబడి పరిశీలించారు. 1989లో ప్రచురించిన అధ్యయనంలో అధ్యాపకులను మూడు రకాలుగా పోల్చారు. 

తీరిక దొరికినప్పుడు ఒకేసారి గంటల తరబడి రాసే పాత పద్ధతిలో ఉన్నవాళ్లు ఏడాదిలో సగటున 17 పేజీలు రాశారు. రోజూ కొంచెం రాసి, దాన్ని నమోదు చేసుకున్నవాళ్లు 64 పేజీలు. రోజూ రాసి, నమోదు చేసుకుని, వారానికోసారి మరొకరికి లెక్క చెప్పినవాళ్లు 157 పేజీలు.

రెండో గుంపుకూ మూడో గుంపుకూ ఉన్న తేడా ఒక్కటే, అడిగే మనిషి. ఆ ఒక్కదానితో రాత రెండింతలు దాటింది. అయితే ఇది కొద్దిమందిపై, వేరే దేశంలో, అధ్యాపకులపై జరిగిన అధ్యయనమని గుర్తుంచుకోవాలి. ఆ అంకెలు బేర్ సరాయ్ గదుల్లోనూ అలాగే వస్తాయని చెప్పలేం.

దీనికి భిన్నమైన మాటా ఉంది. న్యూజీలాండ్ పరిశోధకురాలు హెలెన్ స్వోర్డ్ బాగా రాసే వంద మంది విద్యావేత్తలతో మాట్లాడి, "రోజూ రాయాల్సిందే" అన్న సూత్రాన్ని 2016లో ప్రశ్నించారు. వాళ్లలో చాలామంది రోజూ రాసేవాళ్లు కాదు. కొందరు తెల్లవారుజామున, కొందరు సెలవుల్లో, కొందరు వారాల తరబడి ఆగి ఒక్కసారిగా రాస్తారు. అంటే ఏ ఒక్క పద్ధతీ అందరికీ సరిపోదు. గ్రూపు పెట్టుకున్నవాళ్లు కూడా "రోజుకు 500 పదాలు" అనే నియమాన్ని అందరి మీదా రుద్దితే, చంటిబిడ్డ ఉన్న విద్యార్థిని మొదటి నెలలోనే తప్పుకుంటుంది.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, "నేను ఫలానాది అవుతాను" అని నలుగురికీ చెప్పి, వాళ్లు దాన్ని గుర్తించిన తర్వాత మనిషి ఆ పని మీద తక్కువ శ్రమ పెడుతున్నట్టు తేలింది. మెచ్చుకోలు ముందే అందేసరికి సగం పని అయిపోయినట్టు అనిపిస్తుందన్నమాట. "ఈ ఏడాది పుస్తకం తెస్తున్నాను" అని ప్రకటించి అభినందనలు అందుకోవడం వేరు, "ఈ వారం మూడు పేజీలు రాశాను" అని చెప్పడం వేరు. ఉద్దేశం చెప్పుకుంటే నష్టం జరగొచ్చు. జరిగిన పని చెప్పుకుంటే లాభం. మంచి గ్రూపులు రెండోదాని మీదే నడుస్తాయి.

పేపర్ తొందర, దొంగ జర్నళ్ల వల

థీసిస్‌తో పాటు పరిశోధక విద్యార్థులను వెంటాడేది పేపర్ల ప్రచురణ. యూజీసీ 2009 నిబంధనలు థీసిస్ సమర్పించే ముందు కనీసం ఒక పరిశోధన పత్రం ప్రచురించాలన్నాయి. 2016 నిబంధనలు దానికి రెండు సదస్సుల్లో పత్రాలు సమర్పించాలన్న షరతును జోడించాయి. నాణ్యత పెంచడం ఉద్దేశం. కానీ వేలమంది ఒకే గడువులో ఎక్కడో ఒకచోట పేపర్ వేయాల్సి రావడంతో, డబ్బు తీసుకుని ఏదైనా వేసేసే జర్నళ్లకు గిరాకీ పుట్టింది.

ఇలాంటివాటికి ప్రిడేటరీ జర్నళ్లు అన్న పేరు పెట్టింది అమెరికన్ లైబ్రేరియన్ జెఫ్రీ బీల్. పంపిన మూడు రోజుల్లో "మీ పేపర్ ఆమోదం పొందింది" అని మెయిల్ వస్తుంది. సమీక్ష జరగదు. ఫీజు కట్టగానే ప్రచురణ. 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క ప్రకారం ఇలాంటి జర్నళ్లలో 2010లో 53 వేల వ్యాసాలు వస్తే, 2014 నాటికి అవి 4.2 లక్షలకు చేరాయి. వాటిని రాసినవాళ్లలో దాదాపు 35 శాతం మంది భారతీయులు. సగటు ఫీజు 178 డాలర్లు, అంటే అప్పటి మారకం రేటులో దాదాపు 11 వేల రూపాయలు. నాన్-నెట్ ఫెలోషిప్ మీద బతికే విద్యార్థికి అది నెల ఆదాయం కంటే ఎక్కువ.

ఈ కథలో తెలుగు నేలకు కూడా చోటుంది. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష విషయంలోనూ, ఫీజుల విషయంలోనూ పరిశోధకులను తప్పుదోవ పట్టించిందన్నది ఆరోపణ. 2019లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు సంస్థకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది.

యూజీసీ తీరు కూడా పరిశోధక విద్యార్థులను అయోమయంలో పెట్టింది. తానే ఆమోదించిన జాబితా నుంచి 2018 మేలో 4,305 జర్నళ్లను తొలగించింది. తర్వాత యూజీసీ-కేర్ పేరుతో కొత్త జాబితా తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసి, జర్నల్ ఎంపికను సూచనాత్మక ప్రమాణాల ఆధారంగా విద్యాసంస్థలే చూసుకోవాలంది. 

ఈలోగా 2022 నిబంధనలు థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతునే ఎత్తేశాయి. అప్పుడు యూజీసీ చైర్మన్‌గా ఉన్నది మామిడాల జగదీశ్ కుమార్. ఐఐటీ దిల్లీలో ప్రొఫెసర్‌గా, జేఎన్‌యూ వైస్ చాన్సలర్‌గా పనిచేసిన తెలుగువారు. అయితే యూజీసీ షరతు పోయినంత మాత్రాన ఒత్తిడి పోలేదు. విశ్వవిద్యాలయాలు తమ సొంత నిబంధనలు పెట్టుకోవచ్చు. అధ్యాపక ఉద్యోగాల ఎంపికలో పేపర్లకు విలువ ఉంటూనే ఉంది.

రైటింగ్ గ్రూపు ఎక్కువగా పనికొచ్చేది ఇక్కడే. ఒంటరిగా ఉన్న విద్యార్థికి పొగడ్తలతో నిండిన మెయిల్ వస్తే ఆశ పుడుతుంది. అదే మెయిల్ నలుగురికీ చూపిస్తే, వాళ్లలో ఇద్దరికి అలాంటిదే వచ్చి ఉంటుంది. ఫీజు కట్టే ముందు గ్రూపు వేసుకోవాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి:

- ఈ జర్నల్‌లో వచ్చిన వ్యాసాలు మనలో ఎవరైనా ఎప్పుడైనా చదివారా? మన థీసిస్‌లో ఉదహరించామా?
- సంపాదకవర్గంలో ఉన్నట్టు చూపిస్తున్న ప్రొఫెసర్ల సొంత యూనివర్సిటీ పేజీల్లో ఆ సంగతి ఉందా?
- సమీక్షకు ఎన్నాళ్లు పడుతుందని చెబుతున్నారు? వారంలోపు అంటే అనుమానించాలి.
- ఫీజు ఎంతో ముందే చెప్పారా, ఆమోదం తర్వాత చెప్పారా?
- ఒకే జర్నల్‌లో వైద్యం, వాణిజ్యం, తెలుగు సాహిత్యం అన్నీ కలిపి వేస్తున్నారా?

ఫీజు అడిగినంత మాత్రాన ఏ జర్నలూ మోసం కాదు. ఎవరైనా ఉచితంగా చదువుకునేలా వేసే పేరున్న జర్నళ్లు కూడా రచయితల నుంచి ఫీజు తీసుకుంటాయి. నేచర్ పత్రిక అలాంటి ప్రచురణకు 9,500 యూరోలు ధర పెడుతున్నట్టు 2020లో ప్రకటించినప్పుడు ప్రపంచమంతా నివ్వెరపోయింది. మరోవైపు, రచయిత నుంచి పైసా తీసుకోని మంచి జర్నళ్లూ ఉన్నాయి. కాబట్టి చూడాల్సింది ఫీజును కాదు, సమీక్షను. ఎవరో చదివి, తప్పులు చూపి, మళ్లీ రాయమన్నారా లేదా అన్నదే కొలబద్ద.

గ్రూపుకూ గట్లు ఉండాలి

కలిసి రాయడం మంచిదే కానీ, దానివల్ల వచ్చే చిక్కులూ ఉన్నాయి.

మొదటిది, నకలు. ఒకరి డ్రాఫ్ట్ మరొకరి దగ్గర ఉన్నప్పుడు, తెలిసో తెలియకో వాక్యాలు అటూ ఇటూ పోవచ్చు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల్లోగా సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే ఏడాదిపాటు మళ్లీ సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కాబట్టి ఇతరుల డ్రాఫ్ట్‌ను చదివి తిరిగి ఇచ్చేయాలి, దగ్గర ఉంచుకోకూడదు.

రెండోది, పేర్లు పంచుకోవడం. "నీ పేపర్‌లో నా పేరు, నా పేపర్‌లో నీ పేరు" అనే ఒప్పందం స్నేహంలా కనిపిస్తుంది. కానీ పని చేయనివారి పేరు పెట్టడం పరిశోధనలో తప్పు. చదివి సలహా ఇచ్చినవాళ్లకు కృతజ్ఞతల్లో చోటిస్తే చాలు.

మూడోది, పోలిక. ఎవరు ఎన్ని పేజీలు రాశారో రోజూ కనిపించే చోట, వెనకబడినవాళ్లకు అది ప్రోత్సాహం బదులు శిక్షలా తయారవుతుంది. లెక్క చెప్పుకోవాల్సింది పక్కవారితో పోల్చుకోవడానికి కాదు, గతవారం తాను రాసినదానితో పోల్చుకోవడానికి. ఎవరైనా రెండు మూడు వారాలు మాట్లాడకపోతే, గ్రూపులో అందరి ముందూ అడగడం కంటే ఒకరు విడిగా ఫోన్ చేయడం మేలు. పరిస్థితి బాగోలేదనిపిస్తే స్నేహితుల మాటతో సరిపెట్టకూడదు. కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే శిక్షణ పొందినవారు ఉచితంగా మాట్లాడతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది, గ్రూపు ఉంది కదా అని సంస్థలు తమ బాధ్యత వదిలేయకూడదు. గైడ్ సమయం ఇవ్వకపోవడాన్ని, ఫెలోషిప్ నెలల తరబడి ఆగిపోవడాన్ని, హాస్టల్ దొరకకపోవడాన్ని నలుగురు మిత్రులు సరిచేయలేరు. వర్క్‌షాపులు పెట్టి రాయడం నేర్పించాల్సింది, థీసిస్ ఇచ్చాక ఆరు నెలల్లో వైవా ముగించాల్సింది యూనివర్సిటీలే. 

కొత్తదేమీ కాదు

రాసేవాళ్లు ఒకచోట చేరి ఒకరినొకరు ముందుకు నెట్టుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి సభాపతిగా నడిచిన సాహితీ సమితి 1920ల్లో ఎందరో యువకవులకు అండగా నిలిచింది. రాసింది చదివి వినిపించడానికి వాళ్లకు ఒక సభ, అచ్చులో చూసుకోవడానికి ఒక పత్రిక దొరికాయి. భావకవిత్వం అంత త్వరగా జనంలోకి వెళ్లడంలో ఆ తోడు పాత్ర ఉంది.

ఇటీవలి ఉదాహరణ అమెరికాది. 1999లో క్రిస్ బాటీ అనే యువకుడు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మందితో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. నెలలో ఒక నవల రాయాలన్నది పందెం. అది పెరిగి పెరిగి, ప్రతి నవంబరులో ప్రపంచవ్యాప్తంగా లక్షలమంది 50 వేల పదాలు రాయడానికి పూనుకునే కార్యక్రమమైంది. దాన్ని చూసి పరిశోధకులు కూడా 2011లో తమకంటూ నవంబరు రాత నెలను మొదలుపెట్టుకున్నారు. చివరికి డబ్బు ఇబ్బందులు, వివాదాల మధ్య నవలల కార్యక్రమం నడిపే సంస్థ 2025 మార్చిలో మూతపడింది. అయినా ఆ అలవాటు పట్టుబడినవాళ్లు చిన్న చిన్న గుంపులుగా రాస్తూనే ఉన్నారు. 

పెద్ద సంస్థ నిలబడకపోవచ్చు. నలుగురు మనుషులు ఒకరి మాట ఒకరు వినడానికి ఒప్పుకుంటే మాత్రం పని సాగుతుంది. లెక్క కూడా పెద్దదేం కాదు. వారానికి వెయ్యి పదాలు నిలిస్తే 80 వేల పదాల థీసిస్‌కు 80 వారాలు. అంటే ఏడాదిన్నర. ఫెలోషిప్ నాలుగో ఏట మొదలుపెట్టినా ఐదో ఏడు ముగిసేలోగా పూర్తవుతుంది.

బేర్ సరాయ్ బైండింగ్ దుకాణంలో థీసిస్ అట్ట మీద ఒకే పేరు ఉంటుంది. లోపల కృతజ్ఞతల పేజీ తిప్పితే, గైడ్ పేరు తర్వాత, అమ్మానాన్నల పేర్ల తర్వాత, కొన్ని స్నేహితుల పేర్లు కనిపిస్తాయి. వాళ్లలో చాలామంది రాసింది అందులో ఒక్క వాక్యం కూడా ఉండదు. ప్రతి వారం "ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది మాత్రం వాళ్లే.